మాది హిందూపురం వైపు, నేను బెంగళూరులో ఉద్యోగం, అమ్మానాయన ఊళ్లోనే ఉంటారు. రెండెకరాల సొంత పొలంలో 10 మేకలు పెట్టుకోవచ్చా, బీటల్ జాతి మంచిదా బోయర్ మంచిదా, సబ్సిడీ ఏమైనా వస్తుందా?

మీరు జాతి గురించి అడిగారు గానీ నేనైతే ముందు ఇంకోటి అడుగుతా, మీరు బెంగళూరులో ఉంటే మేక ఈనే రాత్రి పొలం కాడ ఎవరుంటారు? అమ్మానాయన అక్కడే ఉంటారన్నారు కాబట్టి పెట్టుకోండి, కానీ 10 కాదు, 4 తో మొదలుపెట్టండి. మాది కదిరి దగ్గర పల్లె, 3 ఎకరాల మెట్ట, ఏడేళ్లుగా 15 మేకలకి మించకుండా పెంచుతున్నాం.

జాతి సంగతైతే, మీది హిందూపురం వైపు అన్నారు కదా, మన ఎండకి మన కంపచెట్లకి అలవాటైన నాటు మేకలే తీసుకోండి. పోతు ఒక్కటి మాత్రం మంచిది చూసి బయట ఊరి నుంచి తెచ్చుకోండి, రెండేళ్లకి మార్చేయాలి, లేకపోతే దాని కూతుళ్లే దానికి ఎదకొస్తాయి, పుట్టే పిల్లల్లో బలం ఉండదు. సబ్సిడీ కూడా అడిగారు, నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో 50 శాతం ఇస్తారు గానీ అది 100 మేకలు 5 పోతుల యూనిట్ నుంచి మొదలవుతుంది, మనకి పనికిరాదు.

ఎక్కడ కొంటారో అది మాత్రం బాగా ఆలోచించండి. మొదటి ఏడాది జులైలో సంతలో ఆరు చవగ్గా వస్తున్నాయని తోలుకొచ్చి ఆ రాత్రే ఇంటి మేకల్లో కలిపేశాం. నాలుగో రోజుకి ఒకటి మేత ముట్టలేదు, ముక్కులో చీమిడి, కళ్లల్లో పుసులు, నోరు తెరిచి చూస్తే చిగుళ్ల మీద తౌడు చల్లినట్టు తెల్లగా ఉంది, ఆ తర్వాత పారుకోవడం మొదలైంది. పశువుల డాక్టరొచ్చి పీపీఆర్ అన్నారు, అదే పారుడు రోగం. రెండు వారాల్లో ఐదు పోయాయి, మా జేజి (నాయనమ్మ) చేత్తో తినిపించి పెంచిన నల్లమేక కూడా పోయింది, ఆమె రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు. దీనికి టీకా ఉంది, 4 నెలలు దాటిన పిల్లకి ఒకసారి వేయిస్తే దాదాపు మూడేళ్లు కాపాడుతుంది. టీకా వేయించిన ఇంట్లోనే కొనండి, తెచ్చాక కూడా 3 వారాలు వేరే చోట కట్టండి, నీళ్ల తొట్టి కూడా వేరే పెట్టండి.

రెండోది చిటుకు రోగం. తొలకరికి మొలిచిన లేత గడ్డి ఆబగా తింటాయి, సాయంత్రం గంతులేసిన మేక తెల్లారేసరికి చచ్చి పడుంటుంది. మే నెలలోనే టీకా వేయించాలి, మొదటిసారైతే రెండు వారాలకి ఇంకో డోసు. నట్టల మందు వానల ముందొకసారి వానలయ్యాక ఒకసారి. నాముకొట్టిన, అంటే నీళ్లు లేక వాడి విషమెక్కిన లేత జొన్న దగ్గరికి అసలు పోనీయొద్దు, గింజల మూటలు కూడా వాటికి అందే చోట పెట్టొద్దు.

కొట్టంలో తడి ఉండకూడదు. మేం నేలకి రెండున్నర అడుగుల ఎత్తున చెక్కలు కొట్టించాం, సందుల్లోంచి పెంటికలు కిందికి రాలిపోతాయి, ఆ ఎరువు తోటకి బంగారం. మేతకి చెనిక్కాయ కట్టె, కంది పొట్టు ఎండాకాలానికి దాచిపెడతాం, గట్ల మీద అవిశ, మునగ, సుబాబుల్ వేశాం, సుబాబుల్ ఒక్కటే కడుపునిండా పెట్టకూడదు.

ఇంక ఈత గురించి. పోయిన సంక్రాంతి ముందు చలిలో ఒక మేక రాత్రి ఒంటిగంటకి ఈనింది, రెండో పిల్ల ఊపిరి తీయలేదు. జేజి దాని నోట్లో ముక్కులో జిగురంతా వేలితో తీసేసి, గడ్డిపోచ ముక్కులో పెట్టి తిప్పితే తుమ్మింది, గోనెసంచితో ఒళ్లంతా గట్టిగా రుద్ది, పొదుగు తుడిచి ముందు రెండు పిండులు నేల మీద పిండేసి, అప్పుడు చన్ను నోటికి పెట్టింది. గంటలోపు ముర్రుపాలు పడాలి, బొడ్డుకి అయోడిన్ పెట్టాలి, ఇదంతా ఫోన్లో చెప్పి చేయించే పని కాదు, అందుకే మొదట్లోనే అడిగాను ఎవరుంటారని.

మేకకి చూలు దగ్గర దగ్గర 150 రోజులు. పోతు దాటిన తేదీ గోడ మీద రాసిపెట్టమని నాయనకి చెప్పండి, ఏ వారంలో ఈనుతుందో తెలిసిపోతుంది, 1962 నంబరు కూడా పక్కనే రాయించండి, పశువుల అంబులెన్స్ వస్తుంది. ఆ వారానికి మీరు ఆఫీసులో లీవు ముందే అడిగి పెట్టుకోండి.