ఊళ్లో చేసే సర్వేలతో ప్రభుత్వ విధానం మారుతుందా?

నేరుగా మారదు, విధానాన్ని నిర్ణయించేది ప్రభుత్వమే, పరిశోధన ఆ చర్చలోకి ఊహల బదులు కొలిచిన వాస్తవాలను తెస్తుంది. హైదరాబాదులో కూర్చుంటే "రైతుకు బీమా ఇస్తే కొంటాడు" అన్నది తిరుగులేని మాటలా కనిపిస్తుంది. నిజంగా కొన్నాడా, కొనకపోతే ఏం అడ్డొచ్చింది అన్నది ఇల్లిల్లూ తిరిగి అడిగితేనే తేలుతుంది.

పాలమూరే ఇందుకు ఉదాహరణ. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో పల్లి, ఆముదం రైతులకు వాన లెక్క ఆధారంగా పరిహారమిచ్చే బీమాను ప్రయోగాత్మకంగా అమ్మారు. పంట నష్టాన్ని ఎవరూ వచ్చి చూడనక్కర్లేదు, వర్షమాపకంలో లెక్క తగ్గితే చాలు. కాగితం మీద చక్కటి పథకం. తర్వాత ఆర్థికవేత్తలు ఊళ్లు తిరిగి చూస్తే కొన్నవాళ్లు తక్కువే. అవసరం లేక కాదు: చేతిలో డబ్బు లేదు, పాలసీ అర్థం కాలేదు, అమ్మేవాళ్ల మీద నమ్మకం లేదు. దాంతో చర్చ "బీమా మంచిదా, కాదా" దగ్గర ఆగకుండా ప్రీమియం ఎవరు కట్టాలి, ఎవరు చెబితే రైతు నమ్ముతాడు అనే దాకా వెళ్లింది. అసలు పనికొచ్చే ప్రశ్నలు అవే.

చాలామంది పొరబడేది ఒకచోట: కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లకు వివరాలిస్తే పథకంలో పేరు ఎక్కుతుందనుకుంటారు. లబ్ధిదారుల నమోదు వేరు, పరిశోధన సర్వే వేరు. రెండోదానిలో మీ పేరు కంటే మీలాంటి ఇళ్లన్నిటి సగటే ముఖ్యం. అందుకే రాబడి తగ్గించి చెప్పినా ఎవరికీ పింఛను రాదు, లెక్క మాత్రం తప్పుతుంది.