తిండి తింటున్నా చిక్కిపోతున్న పామరేనియన్: ముందు మలపరీక్ష చేయించండి

మీ రెండేళ్ల పామరేనియన్ కుక్క బాగా తింటున్నా చిక్కిపోతోందని, నులిపురుగుల మాత్ర కూడా వేశామని రాస్తూ కారణం అడిగారు. అది రెండు పూటలా గిన్నె ఖాళీ చేస్తున్నా పక్కటెముకలు చేతికి తగులుతున్నాయంటే, మొదట అనుమానించవలసింది పేగుల్లోని పరాన్నజీవులను. మీరు వేసిన ఆ ఒక్క మోతాదు మాత్ర పేగుల్లో ఎదిగిన పురుగులను చంపుతుంది గానీ, జియార్డియా, కాక్సిడియా వంటి సూక్ష్మ పరాన్నజీవులను వదిలించలేదు.

1. అందరూ వదిలేసేది మలపరీక్షనే. ఉదయం కుక్క విసర్జించిన వెంటనే, మట్టి అంటని పైభాగం నుంచి చెంచాడు మలాన్ని శుభ్రమైన మూత డబ్బాలోకి తీసి, కొన్ని గంటల్లోపే పశువైద్యునికి అందజేయండి. మన వరంగల్ ఎండకు ఎండిపోయిన నమూనా పనికిరాదు. జియార్డియా రోజూ మలంలో కనిపించదు కనుక, మొదటిసారి ఏమీ లేదని తేలినా, వరుసగా మూడు రోజుల నమూనాలు చూడమని తప్పక అడగండి. హనుమకొండలో ఈ సదుపాయం దొరకకపోతే మామునూరు పశువైద్య కళాశాలలో విచారించండి.

2. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వెతకండి. అవి ఎర్లీకియా అనే జ్వరాన్ని అంటిస్తాయి. చిగుళ్లు పాలిపోయినా, హుషారు తగ్గినా ప్లేట్‌లెట్ల లెక్కతో సహా రక్తపరీక్ష చేయించాలి.

3. నీళ్లు అతిగా తాగుతుంటే మూత్రపిండాలు, మధుమేహం కూడా చూడమనండి.

అంతవరకు బరువు కోసమని నెయ్యి, మటన్ కొవ్వు పెట్టకండి. దానివల్ల క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది. వాంతులు మొదలైనా, మలంలో రక్తం కనిపించినా, తిండి మానేసినా, పరీక్షల కోసం ఆగకుండా అదే రోజు వైద్యునికి చూపించండి.