హాఫ్‌టైమ్‌లో థింసా

ప్రశ్న: మా ఫుట్‌బాల్ టోర్నీ ఫైనల్‌కి ముందు జాతీయ గీతం, హాఫ్‌టైమ్‌లో అరకు బృందంతో థింసా గిరిజన నృత్యం పెడుతున్నాం. స్పీకర్లు గోల్‌పోస్టుల వెనక ఉంటాయి. జాగ్రత్తలు చెప్పండి. – ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు స్పీకర్ల సంగతి చూడండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. మైదానం మధ్య నిలబడి పాడేవారికి, 50 మీటర్ల అవతలి స్పీకర్ నుంచి తమ గొంతే దాదాపు 0.15 సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. దానికోసం ఆగుతూ పాడితే 52 సెకన్ల గీతం సాగిపోతుంది. కాళ్ల దగ్గర చిన్న మానిటర్ స్పీకర్ పెట్టండి, లేదా చెవిలో ఇయర్‌ఫోన్ ఇవ్వండి. సముద్రపు గాలికి మైకు బుసలు కొడుతుంది. ఫోమ్ తొడుగు తప్పనిసరి.

థింసాకీ ఇదే చిక్కు. తుడుము, డప్పు వాయించేవాళ్లని గీత బయట కూర్చోబెడితే అడుగులు తప్పుతాయి. వాళ్లూ నర్తకుల పక్కనే ఉండాలి.

నియమాల ప్రకారం విరామం 15 నిమిషాలకు మించకూడదు. ఆటగాళ్ల రాకపోకలు, సబ్‌స్టిట్యూట్ల వార్మప్ పోను మీకు మిగిలేది ఏడెనిమిది నిమిషాలే. నృత్యం ఐదు నిమిషాలకు కుదించండి. రిహార్సల్లో నృత్యం కన్నా ప్రవేశం, నిష్క్రమణే వాచీ పట్టుకుని ఎక్కువసార్లు చేయించండి, ఆలస్యమయ్యేది అక్కడే. వేదిక వద్దు, దాన్ని తోసుకొచ్చే చక్రాలకు పచ్చిక గాడులు పడుతుంది. రంగు కాగితాలు అసలే వద్దు. మంచుకి తడిసి గడ్డికి అంటుకుంటే రెండో అర్ధభాగం మొదలయ్యేలోపు ఏరడం ఎవరి తరమూ కాదు.