వేక్‌బోర్డింగ్ పోటీకి పేరిచ్చే ముందు: ఏ విభాగం, ఏ నియమాలు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. బోటు వెనుక తాడు పట్టుకుని బోర్డు మీద సాగే ఈ ఆటలో, వచ్చే సీజన్‌లో ఔత్సాహికుల వేక్‌బోర్డింగ్ పోటీకి పేరు ఇవ్వాలనుకుంటున్నావనీ, దరఖాస్తు నింపుతూ 'విభాగం' అన్న గడి దగ్గర ఆగిపోయావనీ రాశావు. ఆగడమే మంచిదైంది. ఆ గడిని సరిగా నింపితే మిగిలిన నియమాలన్నీ సులువుగా ఒంటబడతాయి. పొరపాటుగా నింపితే ఎంత సాధన చేసి వెళ్లినా ఆ రోజు నీకూ తృప్తి ఉండదు, నీతో పోటీపడేవారికీ ఉండదు. కొంతకాలం బోర్డు మీద, అంతకంటే ఎక్కువ కాలం న్యాయనిర్ణేతల బల్ల దగ్గర గడిపినవాడిని కనుక, రెండువైపుల నుంచీ చూసిన సంగతులు రాస్తున్నాను.

పోటీదారులను విడదీసే పద్ధతులు ముఖ్యంగా రెండున్నాయి. మొదటిది వయసును బట్టి. అంతర్జాతీయ వాటర్‌స్కీ, వేక్‌బోర్డ్ సమాఖ్య నడిపే పోటీలలో బాలబాలికలు, జూనియర్లు, ఓపెన్, 30 ఏళ్లు దాటినవారు, 40 దాటినవారు అన్న తరహా విభజన కనిపిస్తుంది. రెండవది నైపుణ్యాన్ని బట్టి. స్థానిక క్లబ్బులూ ఔత్సాహిక లీగ్‌లూ ఎక్కువగా దీనినే పాటిస్తాయి. 1989లో ఏర్పడిన వరల్డ్ వేక్‌బోర్డ్ అసోసియేషన్ నియమావళి చాలా పోటీలకు ఆధారంగా ఉన్నా, నిర్వాహకులు తమ సరస్సుకూ, తమకు వచ్చే రైడర్ల సంఖ్యకూ తగినట్లు మార్పులు చేసుకుంటారు. అందుచేత ఒక పోటీలో చూసిన నియమం ఇంకొక పోటీలో ఉంటుందని ఎన్నడూ అనుకోవద్దు. నువ్వు పేరిచ్చే పోటీ నియమపత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదువు. ఈ మాట ఎవరికి చెప్పినా తలూపుతారు గానీ, చదివి వచ్చేవారు తక్కువ.

నైపుణ్య విభాగాల పేర్లు కాస్త అటూ ఇటూగా ఉన్నా, బిగినర్, నోవిస్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, ఎక్స్‌పర్ట్ అన్న వరుసే సాధారణం. బిగినర్ అంటే నీటిలోంచి లేచి నిలబడి, బోటు వెనుక రెండు వైపులా లేచే అలలను అటూ ఇటూ దాటుతూ, చిన్న చిన్న గెంతులు వేయగలిగినవారు. నోవిస్‌కు వచ్చేసరికి నీటి మీదే 180 డిగ్రీలు తిరగడం, ఒక అల మీద ఎగరడం, బోర్డును చేత్తో పట్టుకునే గ్రాబ్ ఒకటో రెండో ఉంటాయి. ఒక అల నుంచి రెండవ అల దాకా గాలిలో దాటడం నిలకడగా కుదిరితే ఇంటర్మీడియట్ దగ్గరపడినట్టే. తలకిందులయ్యే విన్యాసాలు, అంటే టాంట్రమ్, బ్యాక్‌రోల్ వంటి ఇన్వర్ట్‌లు, చాలాచోట్ల ఈ దశలోనే తలుపు తడతాయి. కింది విభాగాలలో వాటిని నిషేధించే పోటీలూ ఉన్నాయి, వేసినా మార్కులివ్వని పోటీలూ ఉన్నాయి. అడ్వాన్స్‌డ్‌లో రెండు మూడు రకాల ఇన్వర్ట్‌లు, 360 డిగ్రీల భ్రమణం ఆశిస్తారు. ఎక్స్‌పర్ట్‌లో హ్యాండిల్‌ను వీపు వెనుక నుంచి ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటూ తిరిగే భ్రమణాలను రెండు దిశలలోనూ చూస్తారు.

ఇక నీ విభాగం ఏదో తేల్చుకోవడం ఎలా? నువ్వు వేసిన అతి కష్టమైన విన్యాసం ఏదని అడగకు. పదిసార్లు ప్రయత్నిస్తే ఏడెనిమిదిసార్లు నిలబడే విన్యాసాలు ఎన్నున్నాయని అడుగు. నీ ఉత్తరంలో టాంట్రమ్ గురించి రెండు పేజీలు రాసి, టోసైడ్ జంప్, అంటే కాలివేళ్ల వైపు అంచు మీద వచ్చి ఎగరడం, 'మామూలుగా వస్తుంది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు ఆ ఒక్క ముక్కే ఆసక్తిగా ఉంది. ఒక వేసవిలో నాలుగుసార్లు కుదిరిన టాంట్రమ్ నిన్ను అడ్వాన్స్‌డ్ రైడర్‌ను చేయదు. మడమ వైపు అంచు మీద వచ్చే హీల్‌సైడ్, టోసైడ్ రెండు వైపుల నుంచీ అల నుంచి అలకు ఎగిరి నిబ్బరంగా దిగగలిగితే, అందులో ఒకదానికి గ్రాబ్ చేర్చగలిగితే, రెండవ పాదం ముందుంచి స్విచ్‌లో కూడా కాస్త నడపగలిగితే నువ్వు నిస్సందేహంగా ఇంటర్మీడియట్. ఇవి ఒకరోజు కుదిరి మరొకరోజు కుదరకపోతే నోవిస్.

దీనికి రెండవ వైపు కూడా ఉంది. పతకం కోసం తన స్థాయి కంటే కింది విభాగంలో దిగడాన్ని ఈ ఆటలో ఎవరూ మెచ్చరు. అడ్వాన్స్‌డ్‌లో తిరగవలసినవాడు నోవిస్‌లో దిగి, తొలిసారి వచ్చిన పిల్లల ముందు బ్యాక్‌రోల్ వేసి మొదటి స్థానం పట్టుకుపోతే, చప్పట్లు కొట్టేది వాడి ఇంటివాళ్లే. చాలా నియమావళులు దీనికి విరుగుడు ఏర్పరచుకున్నాయి: ఒక విభాగంలో గెలిచినవారు పై విభాగానికి మారాలనో, ఫలానా విన్యాసం చేయగలవారు ఫలానా విభాగంలో దిగకూడదనో రాసిపెడతారు. ప్రధాన న్యాయనిర్ణేతకు అనుమానం వస్తే రైడర్‌ను పై విభాగానికి మార్చే అధికారం కూడా ఉంటుంది. వృత్తి విభాగంలో నగదు బహుమతికి పోటీపడినవారికి ఔత్సాహిక విభాగాల తలుపులు సాధారణంగా మూసుకుపోతాయి. తల్లిదండ్రులు పట్టుబట్టి పిల్లలను పైకో కిందికో నెట్టడం నేను చాలా చూశాను. మీ నాన్నకు నా మాటగా చెప్పు, ఈ గడి నింపేది నువ్వే.

పోటీ జరిగే తీరు పెద్ద చిక్కేమీ కాదు. ప్రతి విభాగంలో రైడర్లను హీట్‌లుగా, అంటే తొలి రౌండులో చిన్న గుంపులుగా, విడదీస్తారు. ప్రతి హీట్ నుంచి మొదటి కొందరు నేరుగా ముందుకు వెళతారు, మిగిలినవారికి చివరి అవకాశపు హీట్ ఒకటి ఉండవచ్చు, ఆపైన ఫైనల్. పేర్లు తక్కువగా వచ్చిన విభాగంలో నేరుగా ఫైనలే పెడతారు. ఉదయం జరిగే రైడర్ల సమావేశానికి మాత్రం తప్పక హాజరు కా. రాత్రికి రాత్రి మారిన నియమాలు అక్కడే చెబుతారు, అక్కడ లేనివారి ఫిర్యాదు ఎవరూ వినరు.

రేవు మీద నీ వంతు వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడుగుతారు: తాడు ఎంత, వేగం ఎంత. సమాధానం నీ నోట సిద్ధంగా ఉండాలి. బోటు నిర్వాహకులది, అందులో నింపే బరువు అందరికీ ఒక్కటే, కనుక అల ఆకారం నీ చేతిలో లేదు. తాడు పొడవూ వేగమూ మాత్రమే నీవి. సాధారణంగా తాడు 18 నుంచి 25 మీటర్ల మధ్య, వేగం గంటకు 30 నుంచి 38 కిలోమీటర్ల మధ్య ఉంటాయి. బోటుకు దగ్గరగా ఉంటే రెండు అలల మధ్య దూరం తక్కువ, దాటడం తేలిక. వెనక్కి వెళ్లేకొద్దీ ఆ దూరం పెరుగుతుంది, దానికి తగిన వేగమూ కావాలి. సాధనలో ఏ కొలతలు వాడావో పోటీలోనూ అవే చెప్పు. పక్కవాడు పొడవు తాడు అడిగాడని నువ్వూ అడిగితే, మొదటి జంప్‌లోనే రెండవ అల నెత్తి మీద పడతావు. నీ అలవాటు కొలతను అడుగులలోనూ మీటర్లలోనూ, వేగాన్ని మైళ్లలోనూ కిలోమీటర్లలోనూ తెలుసుకుని ఉండు. తాడు మీద గుర్తులు ఒక లెక్కలో, బోటులో వేగం చూపే మీటరు మరో లెక్కలో ఉండడం పరిపాటి.

ఇక మార్కులు. ఈ ఆటలో ఒక్కో విన్యాసానికి ఇన్ని పాయింట్లని పట్టిక పెట్టి కూడే పద్ధతి కంటే, రన్ మొత్తాన్ని, అంటే నీ వంతులో చేసినదంతటినీ, చూసి మూడు కోణాలలో అంచనా వేసే పద్ధతే ఎక్కువ వాడుకలో ఉంది. ఎంత శుభ్రంగా చేశావు అన్నది మొదటిది. ఎంత ఎత్తున, ఎంత బలంగా, ఎంత కష్టమైనది చేశావు అన్నది రెండవది. విన్యాసాలను ఎంత వైవిధ్యంతో, ఏ క్రమంలో కూర్చావు అన్నది మూడవది. న్యాయనిర్ణేత చూసేది ఏమిటో తెలియడానికి ఒక్క హీల్‌సైడ్ జంప్‌నే తీసుకో. నువ్వు బయటికి వెళ్లి అల వైపు కోసుకుంటూ వచ్చేటప్పుడు బోర్డు అంచు చివరి దాకా నీటిని పట్టి ఉందా, లేక అల పాదం దగ్గర భయపడి బోర్డును చదును చేశావా అన్నది ముందుగా కనబడుతుంది. అల శిఖరం మీద కాళ్లు చాచి నిలబడి లేచావా, మోకాళ్లు ముడిచి అలను మింగేశావా అన్నది తరువాత. గాలిలో హ్యాండిల్ నడుము దగ్గర ఉందా, చేతులు చాచుకుపోయాయా? గ్రాబ్ అయితే బోర్డును నిజంగా పట్టుకున్నావా, వేలితో తాకి వదిలేశావా? దిగడం రెండవ అల అవతలి వాలు మీదనా, నెత్తి మీదనా? దిగాక చేయి గానీ పిరుదులు గానీ నీటిని తాకాయా? ఇదంతా రెండు సెకన్లలో జరిగిపోతుంది, అయినా కాగితం మీద పడుతుంది. వణుకుతూ దిగిన ఇన్వర్ట్ కంటే ఇవన్నీ సరిగా ఉన్న సాదా గ్రాబ్ కింది విభాగాలలో చాలాసార్లు ఎక్కువ మార్కులు తెచ్చుకోవడం నా బల్ల మీదే చూశాను.

కూర్పు విషయంలో కొత్తవారు చేసే పొరపాటు, వచ్చిన విన్యాసాన్నే మళ్లీ మళ్లీ వేయడం. అదే విన్యాసం రెండవసారి వేస్తే వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. పైగా సమయం నీ చేతిలో లేదు. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. బోయాల మధ్య, అంటే నీటిలో తేలే గుర్తుల మధ్య, 350 మీటర్ల కోర్సు ఉంటే ఒక చివరి నుంచి మరో చివరి దాకా సాగే ఒక పాస్ 35 సెకన్లలో అయిపోతుంది. బయటికి వెళ్లి, తిరిగి కోసుకుని వచ్చి, ఎగిరి, దిగి, నిలదొక్కుకోవడానికి ఆరేడు సెకన్లు పోతాయి. అంటే పాస్‌కు ఐదు విన్యాసాలు, అంతే. మామూలుగా వెళ్లేటప్పుడు ఒక పాస్, తిరిగి వచ్చేటప్పుడు ఒక పాస్ ఉంటాయి.

కాబట్టి క్రమాన్ని కాగితం మీద గీసుకుని చూడు. నీది ఎడమ పాదం ముందు. బోటుకు కుడివైపు నుంచి హీల్‌సైడ్‌లో ఇండీ గ్రాబ్‌తో, అంటే వెనుక చేత్తో వేళ్ల వైపు అంచును పట్టుకుని, దూకితే ఎడమవైపు దిగుతావు. అక్కడి నుంచి టోసైడ్ జంప్‌తో మళ్లీ కుడివైపు. మూడవది హీల్‌సైడ్ 180. దాంతో స్విచ్‌లో, అంటే కుడి పాదం ముందుగా, ఎడమవైపు చేరతావు. నాలుగవది స్విచ్‌లోనే హీల్‌సైడ్ జంప్, తిరిగి కుడివైపు. నాలుగింటిలో ఒక్కటీ పునరుక్తి కాదు, రెండు అంచులూ రెండు పాదాలూ కనిపించాయి, ఎక్కడా ఊరికే అటు నుంచి ఇటు దాటవలసిన పని పడలేదు. ఇందుకు బదులు వరుసగా రెండు హీల్‌సైడ్ విన్యాసాలు పెట్టుకుంటే, మధ్యలో వెనక్కి దాటడానికే 40, 50 మీటర్ల నీరు ఖర్చయిపోతుంది. నీ టాంట్రమ్ వేయాలనే ఉంటే, నీ విభాగంలో దానికి అనుమతి ఉంటే, రెండవ పాస్ చివరికి పెట్టుకో. అప్పటికి చేయవలసింది చేసేసి ఉంటావు, పడినా పోయేది తక్కువ.

పడడం గురించి నియమం ముందే తెలుసుకో. ఎన్నిసార్లు పడితే రన్ ముగుస్తుందన్న సంఖ్య పోటీని బట్టి, విభాగాన్ని బట్టి మారుతుంది. పడిన తరువాత బోటు తిరిగి వచ్చి నిన్ను అందుకునేలోగా ఎంత కోర్సు పోయినట్టు లెక్కిస్తారన్నదీ అంతే. పడగానే రెండు చేతులూ తలపైన కలిపి చూపు, నీకేమీ కాలేదని బోటులోని వారికి తెలుస్తుంది. డ్రైవరు వేగం పెంచి నీ వైపు దూసుకురాలేదని విసుక్కోకు. బాగా నేర్చినవాడు ఇంజిన్ తగ్గించి నెమ్మదిగా తిరిగి వస్తాడు, లేకపోతే తన అలలే కోర్సంతా కలియబెట్టి తరువాతి విన్యాసాన్ని పాడుచేస్తాయి. బొటనవేలు పైకి వేగం పెంచమని, కిందికి తగ్గించమని. తల మీద తట్టుకుంటే రేవుకు తిరిగి పోదామని. ఈ సైగలు సాధనలోనే అలవాటు కావాలి.

బోటు వేగం నువ్వు చెప్పినట్టు లేకపోయినా, ఇంజిన్ మొరాయించినా మరొకసారి రన్ అడిగే హక్కు సాధారణంగా ఉంటుంది; కానీ తేడా తెలిసిన వెంటనే అడగాలి. కొనసాగించి, పడిన తరువాత అడిగితే ఒప్పుకోరు. పాదాలను బోర్డుకు పట్టి ఉంచే నీ సొంత బైండింగ్ ఊడితే అది నీ బాధ్యత, కనుక ముందురోజే మరలు బిగించుకో. మార్కుల కూడికలో తప్పుంటే అభ్యంతరం చెప్పవచ్చు, గడువు లోపల, రాతపూర్వకంగా. న్యాయనిర్ణేత అభిప్రాయం మీద మాత్రం అభ్యంతరానికి తావు లేదు. అయినా రన్‌లో ఏం తగ్గిందని ఫలితాల తరువాత మర్యాదగా అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు.

లైఫ్ వెస్ట్ తప్పనిసరి. పోటీల కోసం అమ్మే పలుచని వెస్ట్‌లు కొన్నింటికి ప్రాణరక్షణ పరికరంగా ఆమోదం ఉండదు, కనుక నీదాని లోపలి చీటీ చదివి, నిర్వాహకులు ఏ రకాన్ని అనుమతిస్తారో సరిచూసుకో. హెల్మెట్ నియమం కూడా చూడు. బోటు వెనుక జరిగే పోటీలలో కొన్నిచోట్ల ఐచ్ఛికం. బోటుకు బదులు పైనున్న తీగ లాగే, ర్యాంపులూ పట్టాలూ ఉండే కేబుల్ పార్కులో అయితే అది లేకుండా నీటిలోకి దిగనివ్వరు. కేబుల్ పోటీల విభాగాలు వేరే లెక్క, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

పేర్ల నమోదు గడువుకు వారం ముందు, ఒకే రోజు వరుసగా చేసిన రెండు పాస్‌ల వీడియో నాకు పంపు. బాగా వచ్చినవి ఏరి కలిపినది కాదు, పడినవి కూడా ఉన్నది. అది చూసి నోవిస్ అనో ఇంటర్మీడియట్ అనో రాస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న