కిరాయి 1,100, ఈఎంఐ 15,500: ఒక చేవెళ్ల రైతు బండి లెక్క

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర ఊరు. మూడెకరాల్లో టమాట, బీర, కొత్తిమీర వేస్తాను. నెలకు 24 రోజులు తెల్లవారుజామున కిరాయి టాటా ఏస్‌లో హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు సరుకు తీసుకెళ్తాను. బండి మొత్తానికి ట్రిప్పుకు 1,100 రూపాయలు, అంటే నెలకు 26,400. షోరూంలో కొత్త ఏస్ ఆన్‌రోడ్ 7,40,000 చెప్పారు. నేను 1,40,000 కడితే మిగతా 6 లక్షలకు నాలుగేళ్ల లోన్, నెలకు 15,500 ఈఎంఐ. నెలకు 11 వేలు మిగులుతాయి కదా! మా బామ్మర్ది కొంటే బొలెరో పికప్పే కొనమంటున్నాడు. మా ఊళ్లో 2020 మోడల్ ఏస్ ఒకటి 3,20,000కు అమ్మకానికి ఉంది. చేతిలో రెండున్నర లక్షలున్నాయి. ఇంట్లో మా ఆవిడకు మాత్రం ఇష్టం లేదు. ఏం చేయమంటారు? నాకు కారు లైసెన్స్ ఉంది, సరిపోతుందా? బండి కొంటే నెలకు ఇంత అని ఖాయంగా ఇచ్చే డెలివరీ కాంట్రాక్టు కూడా ఒకటి ఉందంటున్నారు.

జవాబు: మీ ఆవిడ ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. లెక్క వేశాక నాకైతే ఆవిడ మాటలో సగం న్యాయం కనిపించింది. మిగతా సగం దగ్గరికి తర్వాత వస్తాను.

మీరు కిరాయిని ఈఎంఐతో పోల్చారు. కిరాయి 1,100లో డీజిల్ ఉంది, డ్రైవర్ ఉన్నాడు, టైరు అరుగుదల ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. ఈఎంఐలో ఇవేవీ లేవు. బండి మీ ఇంటి ముందు నిలబడి ఉన్నా ఈఎంఐ కట్టాల్సిందే. అది కదిలితే అయ్యే ఖర్చంతా వేరే.

రానూపోనూ 85 కిలోమీటర్లు అనుకుందాం. లోడుతో వెళ్లి ఖాళీగా వస్తుంది కాబట్టి లీటరుకు 16 కిలోమీటర్లు పట్టుకుందాం. డీజిల్ 96 రూపాయల లెక్కన ట్రిప్పుకు 510, నెలకు దాదాపు 12,250. ఇన్సూరెన్స్ చూస్తే, స్థూల బరువు (బండి, సరుకు కలిపి) 7,500 కిలోల లోపున్న గూడ్స్ బండికి థర్డ్ పార్టీ (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) ప్రీమియమే 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం 16,049 రూపాయలు. దానికి బండి సొంత డ్యామేజీ కవర్, జీఎస్టీ కలిపితే కొత్త బండికి ఏడాదికి 30 వేలు పక్కన పెట్టుకోవాలి, అంటే నెలకు 2,500. నెలకు 2,040 కిలోమీటర్లు తిరిగే బండికి ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు, క్లచ్, టైర్లు అన్నీ కలిపి కిలోమీటరుకు 2 రూపాయలు నా అంచనా, అంటే 4,000. కొత్త బండికి మొదటి ఏడాది ఇంత కాదు. కానీ మూడో ఏడు వచ్చేసరికి రెండు మూడు ఖర్చులు ఒకే నెలలో మీద పడతాయి, అందుకే సగటు చెబుతున్నా. పొల్యూషన్ సర్టిఫికెట్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), చిల్లర ఖర్చులకు 500.

అన్నీ కూడండి. 15,500, 12,250, 2,500, 4,000, 500. మొత్తం 34,750. మీ కిరాయి 26,400. మిగలడం మాట అటుంచి, నెలకు 8,350 చేతి నుంచి పోతుంది. పైగా తెల్లవారుజామున మూడింటికి లేచి స్టీరింగ్ పట్టుకునేది మీరే. దానికి కూలి కట్టలేదు. డ్రైవర్‌ను పెడితే ఈ లెక్క చూడాల్సిన పనే లేదు.

"ఈఎంఐ అయ్యాక బండి నాదే కదా" అంటారు. నిజమే, అది కూడా లెక్కిద్దాం. నెలకు 8,350 చొప్పున 48 నెలలకు 4 లక్షలు, ముందు కట్టిన 1,40,000తో కలిపి 5,40,000. ఆ డబ్బుకు నాలుగేళ్ల తర్వాత మీ చేతికొచ్చేది ఒక పాత ఏస్. పాత ఏస్ ఎంత పలుకుతుందో మీ ఊళ్లో అమ్మకానికున్న బండే చెబుతోంది, 3,20,000.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు: పక్క రైతుల సరుకు కూడా ఎక్కించుకుంటే సరి. ఏస్ మోసే బరువు సుమారు 750 కిలోలు. ట్రేతో కలిపి 27 కిలోల లెక్కన 27 ట్రేలు పడతాయి. మీ సొంతం 13 అనుకుంటే ఇంకా 14 ట్రేలకు చోటుంది. ట్రేకు 25 తీసుకున్నా రోజుకు 350, నెలకు 8,400. సరిగ్గా మీ లోటు పూడింది! నేను కూడా ఈ లెక్క వేసి ఒక్క క్షణం సంబరపడ్డాను.

తర్వాత తట్టింది. మీరు కిరాయికి మాట్లాడుకునేది బండి మొత్తాన్ని. ఆ 14 ట్రేలు రేపు పొద్దున కిరాయి బండిలోనే ఎక్కించొచ్చు కదా? అప్పుడు మీ కిరాయి 1,100 నుంచి 750కి దిగుతుంది. లోన్ లేదు, సంతకం లేదు, నెలకు 8,400 మిగులు. ఆ లాభం ఖాళీగా పోతున్న చోటును నింపడం వల్ల వచ్చింది. బండి ఎవరి పేరు మీదున్నా అది వస్తుంది. దాన్ని సొంత బండి ఖాతాలో రాసుకోకూడదు.

సొంత బండి వల్లే వచ్చే ఆదాయం వేరే ఉంది. పొద్దున పదింటికి మీరు మార్కెట్ నుంచి తిరిగొచ్చాక మిగతా రోజంతా బండి మీ దగ్గరే ఉంటుంది. ఎరువు బస్తాలు, టెంట్‌హౌస్ సామాను, ఇల్లు మారేవాళ్ల సామాన్లు, వచ్చేటప్పుడు సిటీ నుంచి కిరాణా సరుకు. కొత్త బండి కొంటే ఈ పనుల మీద డీజిల్ పోను నెలకు 8,350 వస్తేనే మీరు ఇప్పుడున్న చోట ఉంటారు. మూడెకరాల్లో కూరగాయలు వేసే మనిషికి మధ్యాహ్నం కిరాయిలకు తిరిగే తీరిక ఎక్కడిది? బీర తీగ మీరు వచ్చేదాకా ఆగదు.

అందుకే కొత్త ఏస్ ఇప్పుడు వద్దు. బొలెరో పికప్ సంగతి ఒక్క మాటలో: ఉన్న చిన్న బండే మీకు సగం ఖాళీగా పోతోంది, అంతకు రెట్టింపు బరువు మోసే బండి ఎవరి కోసం? మీ బామ్మర్ది డౌన్ పేమెంట్ కడతానంటే అది వేరే విషయం.

ఇక మీ ఆవిడ మాటలో నేను ఒప్పుకోని సగం. ఆ 2020 బండిని పూర్తిగా కొట్టిపారేయకండి. 1,50,000 మీరు కట్టి 1,70,000 అప్పు చేస్తే, సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి వడ్డీ 15 శాతం వేసినా మూడేళ్లకు ఈఎంఐ 5,900. డీజిల్ అదే 12,250. మెయింటెనెన్స్‌కు కిలోమీటరుకు 3 రూపాయలు, 6,000 పెట్టండి. ఇన్సూరెన్స్ 2,000, ఎఫ్‌సీ వగైరా 600. మొత్తం 26,750. మీ కిరాయికి 350 మాత్రమే ఎక్కువ. నెలకు ఒక్క టెంట్‌హౌస్ కిరాయి దొరికినా సరిపోయింది. మూడేళ్ల తర్వాత ఈఎంఐ ఉండదు, బండికి ఎంతో కొంత ధర మిగులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ చేతిలో లక్ష రూపాయలు మిగిలి ఉంటాయి. ఆ లక్ష ఇంటిది కాదు, బండిది. ఇంజిన్ బోరుకు వచ్చిన రోజు వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా కాపాడేది అదే.

ధర దగ్గర బేరం ఆడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగినప్పుడు పాతదాని ధరా దిగాలి. అమ్మేవాళ్లు ఈ సంగతి ఎత్తరు, మీరే ఎత్తాలి.

కొనే ముందు మీకు నమ్మకమున్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, అమ్మేవాళ్ల మెకానిక్‌ను కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బండి వేడిగా ఉంటే మర్నాడు మళ్లీ వెళ్లండి. పొగ రంగు, రేడియేటర్ నీళ్లలో నూనె తేలుతోందా, వెనక కమాన్ పట్టీలు ఒకవైపు వాలాయా చూడండి. పట్టీలు వాలాయంటే ఆ బండి టన్నుకు పైగా మోసిందని అర్థం, క్లచ్ కూడా అదే కథ చెబుతుంది. కాగితాల్లో ఎఫ్‌సీ ఎప్పటిదాకా ఉందో, చలాన్లు ఎన్నున్నాయో, ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు ఇంకా ఉందో చూడండి. అప్పు తీరిపోయినా ఫైనాన్స్ ఇచ్చినవాళ్ల దగ్గర ఎన్‌వోసీ (బాకీ లేదన్న కాగితం), ఫారం 35 (ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తీయించే దరఖాస్తు) తీసుకుని ఆర్టీఏలో ఆ పేరు కొట్టించుకోని బండ్లు చాలా ఉన్నాయి. అది అయ్యేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. గూడ్స్ బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా బండికి ఎఫ్‌సీ చేయించాలి. 2020 బండికి 2028 నుంచి ఆ ఖర్చు పెరుగుతుందన్నమాట.

అప్పు ఎక్కడ తెస్తారన్నది ఇంకో విషయం. ఫైనాన్స్ ఏజెంటు మీతో శాతాల్లో మాట్లాడడు. "అరవై పైసల వడ్డీయే అన్నా" అంటాడు. నూటికి నెలకు 60 పైసలంటే ఏడాదికి 7.2 శాతం, రూపాయి వడ్డీ కంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ అతను మొదటి రోజు తీసుకున్న అసలు మీదే చివరి నెల దాకా వడ్డీ వేస్తాడు, మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా సరే. 6 లక్షలకు నాలుగేళ్లు అలా వేస్తే ఈఎంఐ 16,100 అవుతుంది. బ్యాంకు లెక్కలో అది 13 శాతం వడ్డీ. పైసల మాట ఎవరన్నా ఎత్తితే ఒకటే అడగండి: "మొత్తం ఎన్ని వాయిదాలు, ఒక్కోటి ఎంత?" ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. ముద్ర పథకం కింద తనఖా లేకుండా 10 లక్షల దాకా ఇస్తారు, అందులో సరుకు రవాణా బండ్లు కూడా ఉన్నాయి. పాత బండికి ఇవ్వడానికి మేనేజర్ తటపటాయిస్తే, బంగారం మీద బ్యాంకు లోన్ 15 శాతం కంటే చాలా తక్కువకు దొరుకుతుంది. నెలనెలా అసలు తీర్చేలా రాయించుకుంటేనే ఆ దారి. ఏడాది చివర ఒకేసారి కడతామంటే టమాట ధర కుప్పకూలిన ఏడాది ఆ నగలు ఇంటికి రావు. ఆ నగలు ఎవరివో వాళ్లను అడగకుండా ఈ పేరా అమలు చేయకండి.

లైసెన్స్ సంగతి సులువు. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనం, అంటే మీ కారు) లైసెన్స్‌తో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో తేల్చింది. స్థూల బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు. ఏస్ ఆ లోపే.

ఎక్కువ బరువు వేసే సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మార్కెట్లో ధర బాగున్న రోజు "ఇంకో పది ట్రేలు వేద్దాం" అనిపిస్తుంది. పట్టుబడితే కేంద్ర మోటారు వాహన చట్టం ప్రకారం జరిమానా 20 వేలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేల చొప్పున. ట్రేకు 25 చొప్పున పది ట్రేలకు వచ్చేది 250. అంతకంటే పెద్ద ప్రమాదం తిరుగు ప్రయాణంలో కూలీలను వెనకాల ఎక్కించుకోవడం. మన పల్లెల్లో ఇది మామూలైపోయింది. గూడ్స్ బండి వెనక ఎక్కిన మనుషులకు మీ పాలసీ వర్తించదు. బండి బోల్తా పడి ఎవరికైనా ఏమన్నా అయితే పరిహారం మీ మూడెకరాల్లోంచి కట్టాలి. పాలసీలో బండి యజమాని పేరు మీద 15 లక్షల ప్రమాద బీమా ఉందో లేదో మాత్రం చూసుకోండి, నడిపేది మీరే కాబట్టి అది మీ ఇంటికి అవసరం.

చుట్టాల కిరాయి గురించి ఏ ఫైనాన్స్ పుస్తకంలోనూ రాయరు. మా బాబాయికి ఒకప్పుడు డీసీఎం (మధ్యరకం లారీ) ఉండేది. ఊళ్లో ప్రతి పెళ్లికీ ఆ బండే, ప్రతి చావుకూ ఆ బండే. డబ్బు అడిగితే మొహం మాడ్చుకునేవాళ్లు, అడగకపోతే డీజిల్ పోసిన బంకువాడు ఊరుకోడు. చివరికి పిన్ని ఒక పద్ధతి పెట్టింది: కిరాయి మీ ఇష్టం, ట్యాంకు మాత్రం మీరే నింపాలి. చుట్టరికం చెడలేదు. మీరు కూడా మొదటి రోజు నుంచే ఆ మాట చెప్పండి, ఆరు నెలల తర్వాత చెబితే అలుగుతారు.

ఉత్తరం చివర మీరు ఒక డెలివరీ కాంట్రాక్టు గురించి కూడా రాశారు, నెలకు ఇంత అని ఖాయంగా ఇస్తారట. ఒక్క కాంట్రాక్టును నమ్మి బండి కొనొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ అందించడానికి 9,260 బండ్లు రోడ్డెక్కాయి. ప్రభుత్వమే ఇచ్చిన పని. ప్రభుత్వం మారాక 2025 జూన్ నుంచి రేషన్ మళ్లీ దుకాణాలకే వెళ్లింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న చర్చ నాది కాదు. ప్రభుత్వం ఇచ్చిన పనే ఆగిపోయినప్పుడు, నెల నోటీసుతో రద్దయ్యే ప్రైవేటు కాగితం మీద నాలుగేళ్ల అప్పు నిలబడదు.

పన్ను గురించి రెండు ముక్కలు. మీ కూరగాయలు మోసుకోవడం వ్యవసాయంలో భాగమే. ఇతరుల దగ్గర తీసుకునే కిరాయి మాత్రం వ్యాపార ఆదాయం. ఆదాయపు పన్నులో 44ఏఈ అని అందరూ పిలిచే, బండికి ఇంత అని లెక్కగట్టే పద్ధతిలో ఇలాంటి చిన్న బండికి నెలకు 7,500, అంటే ఏడాదికి 90 వేలు ఆదాయంగా చూపిస్తే సరిపోతుంది, రసీదులు దాచాల్సిన పని ఉండదు. పన్ను పడకపోయినా రిటర్న్ వేయండి. రేపు పెద్ద లోన్‌కు బ్యాంకు అడిగే మొదటి కాగితం అదే.

ఇక ఇప్పుడు చేయాల్సింది. ఆ 2020 బండి యజమానితో ధర మాట్లాడి ఉంచండి, అడ్వాన్సు ఇవ్వకండి. ఈ నెలంతా కిరాయి బండిలోనే వెళ్లండి, కానీ పక్క రైతుల ట్రేలు ఎక్కించుకుని. రోజుకు ఎన్ని ట్రేలు వచ్చాయి, ఎవరు డబ్బు ఇచ్చారు, ఎవరు "రేపిస్తాలే" అన్నారు, మధ్యాహ్నం బండి కావాలని ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఒక నోటుబుక్కులో రాయండి. మధ్యాహ్నం ఫోన్లు నెలకు నాలుగైదు వచ్చాయంటే పాత బండి కొనండి. ట్రేలు మాత్రమే వస్తుంటే కిరాయి బండి యజమానితో నెల బేరం మాట్లాడుకుని 1,100ను వెయ్యికి దించండి. ఆ పుస్తకం మీరు రాయకండి, మీ ఆవిడ చేత రాయించండి.