కార్మెన్ ఆడకపోవడం వల్లే బిజే చనిపోయాడా?

గత నెల ఈ శీర్షికలో ఎవరో అడిగిన వేరే ప్రశ్నకు జవాబిస్తూ ఫ్రెంచి స్వరకర్త జార్జ్ బిజే పేరు ఒక్క ముక్కలో ప్రస్తావించాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు, చాలా సంతోషం వేసింది. అందుకే ఈసారి చోటంతా ఆయనకే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండి. మా గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. బిజే రాసిన "కార్మెన్" ఒపెరా ఘోరంగా ఫ్లాప్ అయిందని, ఆ దిగులుతోనే గుండె పగిలి 36 ఏళ్లకే పోయాడని. నిజమేనా? ఇంకో చిన్న సందేహం, ఒపెరా అంటే మన పద్యనాటకం లాంటిదేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: సగం నిజం బాబూ. కార్మెన్ తొలి ప్రదర్శన 1875 మార్చి 3న పారిస్‌లో జరిగింది, బిజే పోయింది అదే ఏడాది జూన్ 3న. సరిగ్గా మూడు నెలలు. తారీఖులు ఇలా కుదిరినప్పుడు కథ పుట్టకుండా ఉండదు. కానీ ఆ కథ చెప్పేవాళ్లు వదిలేసే సంగతులు చాలా ఉన్నాయి.

ముందు మీ రెండో సందేహం తీరుస్తాను. ఒపెరా అంటే పెద్ద వాద్యబృందంతో కథంతా పాడుతూ నడిపే నాటకం. అయితే కార్మెన్ ఆడిన థియేటర్ పేరు ఒపెరా-కొమీక్, అక్కడి పద్ధతి వేరు, పాటల మధ్యలో మామూలు మాటలు ఉండాలి. ఆ లెక్కన మన పద్యనాటకానికి కాస్త దగ్గరే. పేరు చూసి అంతా హాస్యమేమో అనుకోకండి, అక్కడ హాస్యం కాని కథలూ ఆడేవారు. కాకపోతే అది కుటుంబాలు వచ్చే థియేటర్. పెళ్లిచూపులకు కూడా అక్కడే బాక్సులు (విడిగా కూర్చునే చిన్న గదులు) తీసుకునేవారు, పిల్లవైపు వాళ్లూ పిల్లాడివైపు వాళ్లూ నాటకం చూస్తూ ఒకరినొకరు చూసుకునేవారన్నమాట. అలాంటి చోటికి బిజే తీసుకొచ్చిన కథ ఏమిటంటే, సిగరెట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక జిప్సీ అమ్మాయి, ఆమె కోసం ఉద్యోగం, ఊరు, తల్లి అన్నీ వదులుకుని చివరికి ఆమెనే పొడిచి చంపే సైనికుడు దోన్ హోసే. మెరిమే అనే రచయిత 1845లో రాసిన కథ అది. థియేటర్ ఇద్దరు డైరెక్టర్లలో ఒకరైన ద లువెన్, మా స్టేజీ మీద హత్యా అని బెంబేలెత్తిపోయి, చివరికి 1874లో తప్పుకున్నాడు కూడా.

రిహార్సల్స్‌లో టెన్షన్ అంతా ఇంతా కాదు. కొన్ని చోట్ల ఇది వాయించడం మా వల్ల కాదని వాద్యబృందం అంది. కోరస్ ఆడవాళ్లు అప్పటిదాకా వరసగా నిలబడి కండక్టర్‌ని చూస్తూ పాడటానికే అలవాటుపడ్డవాళ్లు, ఇక్కడేమో సిగరెట్లు కాలుస్తూ, ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటూ పాడమన్నారు. ముగింపును మెత్తబరచమని ఒత్తిడి వస్తే కార్మెన్ వేషం కట్టిన గల్లీ-మారియే, దోన్ హోసే వేషం కట్టిన లేరీ ఇద్దరూ బిజే పక్షాన నిలబడ్డారు. ఆ ఇద్దరి పేర్లూ గుర్తుపెట్టుకోదగ్గవి.

తొలిరోజు మొదటి అంకానికి చప్పట్లు బాగానే పడ్డాయి. పోనుపోను తగ్గిపోయి, చివరి అంకానికి హాలు దాదాపు చప్పబడిపోయింది. పత్రికలు నీతి లేని కథ అని తిట్టిపోశాయి. బిజేకి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది, నాటకం పోయినట్టేనని ఆయనే నమ్మాడు. అదంతా నిజం.

ఇప్పుడు ఆ మెసేజ్‌లో లేనిది. బిజే అంతకు ముందు రాసిన "ముత్యాల వేటగాళ్లు" 1863లో 18 ఆటలు ఆడింది. 1867లో వచ్చిన "పెర్త్ సుందరి" కూడా 18. 1872లో "జమీలే" పది పదకొండు ఆటలకే మూతపడింది. కార్మెన్? ఆయన పోయేనాటికే ముప్పై దాటింది! హాలు సగం ఖాళీగా ఉన్న రోజులున్నాయి, నిజమే, అయినా ఆయన బతికుండగా ఆయన ఒపెరాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఆడింది అదే. చనిపోవడానికి కాస్త ముందే వియన్నా ఒపెరా వాళ్లతో కార్మెన్ కోసం ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అంతా అయిపోయిందని మూలన కూర్చున్న మనిషి చేసే పనులు కావు ఇవి.

మరి ఎలా పోయాడు? గొంతు జబ్బు చదువుకునే రోజుల నుంచీ ఉంది, ఏళ్ల తరబడి తిరగబెడుతూనే ఉంది. దానికి తోడు విపరీతంగా పొగ తాగేవాడు. ఆ మార్చిలో మళ్లీ గొంతు పట్టుకుంది. మే చివర్లో గాలి మార్పు కోసం పారిస్ పక్కనే సెన్ నది ఒడ్డున ఉన్న బూజివాల్‌కి వెళ్లాడు, కాస్త తేరుకోగానే నదిలో ఈతకు దిగాడు. మర్నాటికల్లా ఒళ్లు కాలిపోయే జ్వరం, నొప్పులు, ఆ వెంటనే గుండెపోటు. తగ్గినట్టే తగ్గి రెండోసారి వచ్చింది, ఇక నిలవలేదు. ఆ రోజు ఆయన ఆరో పెళ్లిరోజు. దిగులు మనిషిని కుంగదీసి ఉండొచ్చు, కాదనను, కానీ చంపింది జబ్బు.

నన్నడిగితే అంతకన్నా బాధపడాల్సింది ఆయన ఏళ్లు ఎలా ఖర్చయిపోయాయన్న దాని గురించి. పియానో ఎంత గొప్పగా వాయించేవాడంటే, 1861లో ఒక విందులో పియానో మహావిద్వాంసుడు లిస్ట్ అంతటివాడు తన కష్టమైన రచన ఒకటి ఇస్తే అప్పటికప్పుడు చూసి వాయించి ఆయన్నే ఆశ్చర్యపరిచాడు. అలాంటి మనిషి ఇంటి ఖర్చుల కోసం పాఠాలు చెప్పుకుంటూ, వేరేవాళ్ల ఒపెరాలను పియానో మీద వాయించుకోవడానికి వీలుగా తిరగరాసిపెడుతూ రాత్రింబవళ్లు గడిపాడు. మొదలుపెట్టి వదిలేసిన సొంత రచనలు చాలా ఉన్నాయి. నాకు కోపం వచ్చేది అక్కడ.

అంత్యక్రియలు జూన్ 5న, నాలుగు వేల మందికి పైగా వచ్చారు. ఆ రాత్రి కార్మెన్ ప్రత్యేకంగా ఆడితే, మూడు నెలల కిందట తిట్టిన పత్రికలే ఇప్పుడు మహానుభావుడన్నాయి. అక్టోబర్‌లో వియన్నాలో పెద్ద విజయం. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ ఇరవై సార్ల దాకా చూశాడట. పదేళ్లలో ప్రపంచంలో అందరికీ ఇష్టమైన ఒపెరా ఇదే అవుతుందని రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1880లోనే రాశాడు. పారిస్‌లో మాత్రం 1876లో ఆగిపోయాక మళ్లీ స్టేజీ ఎక్కడానికి 1883 దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రశ్న: "ముత్యాల వేటగాళ్లు" కథ శ్రీలంకలో జరుగుతుందని, అందులో బ్రహ్మదేవుడి పేరు కూడా వస్తుందని విన్నాను. బిజే మన వైపు ఎప్పుడైనా వచ్చాడా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: లేదమ్మా, రాలేదు. ఆయన చేసిన పెద్ద ప్రయాణమంటే ఇటలీయే. 1857లో రోమ్ బహుమతి (యువ స్వరకర్తలను ఇటలీకి పంపే ఫ్రెంచి బహుమతి) గెలిచాడు, ఆ డబ్బుతో దాదాపు మూడేళ్లు అక్కడ ఉన్నాడు. తల్లికి బాగాలేదని తెలిసి తిరిగొచ్చాడు, 1861లో ఆవిడ పోయింది.

మీరు విన్నది నిజమే, సిలోన్ తీరంలో జాలర్లు బ్రహ్మను తలుచుకుంటూ పాడతారు, లైలా అనే పూజారిణి కొండ మీద నిలబడి వాళ్ల వేట సాగినన్నాళ్లూ ప్రార్థన చేస్తుంది. హిందూ పూజారిణికి లైలా పేరేమిటని మనకు వెంటనే అనిపిస్తుంది కదా. అప్పటి పారిస్‌కి తూర్పు దేశాలన్నీ ఒక్కటే. నిజానికి కథను మొదట మెక్సికోలో పెట్టాలనుకుని తర్వాత సిలోన్‌కి మార్చారు, దీన్ని బట్టే వాళ్లకు ఆ ఊరితో ఎంత పనుందో తెలుస్తుంది! కాబట్టి మన సంగీతం కోసం అందులో వెతక్కండి, దొరకదు. దొరికేది వేరే ఉంది. ఒకప్పుడు ఒకే అమ్మాయిని ప్రేమించి విడిపోయిన ఇద్దరు స్నేహితులు, నాదిర్, జుర్గా, ఏళ్ల తర్వాత కలుసుకుని ఆమెను మొదటిసారి గుడిలో చూసిన సాయంత్రాన్ని తలుచుకుంటూ కలిసి పాడే పాట. వేణువు, హార్ప్ మెల్లగా మొదలుపెడతాయి, గొంతులు ఒకదాని మీద ఒకటి ఆనుకున్నట్టు కలుస్తాయి. అది రాసేనాటికి బిజేకి పాతికేళ్లు కూడా నిండలేదు. విమర్శకులు ఆ ఒపెరాని చాలావరకు కొట్టిపారేస్తే, మెచ్చుకుని రాసిన పెద్దమనిషి స్వరకర్త బెర్లియోజ్.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ చదువుతూ కీబోర్డు మీద సొంతంగా ఏవేవో కడుతుంటాడు. ఎవరికీ వినిపించడు, అడిగితే చిరాకుపడతాడు. మీరు బిజే గురించి రాసింది చదివి వాడే అడగమన్నాడు, ఆ వయసులో ఆయన ఏం చేశాడని. (ఒక తల్లి, వరంగల్)

జవాబు: అమ్మా, అబ్బాయికి చదివి వినిపించండి. బిజే తండ్రి ఒకప్పుడు జుట్టు కత్తిరించి విగ్గులు కట్టే పని చేసి, తర్వాత పాట నేర్పే మాస్టారయ్యాడు. తల్లి పియానో వాయించేది. తండ్రి లోపల పాఠం చెబుతుంటే ఈ పిల్లాడు తలుపు దగ్గర నిలబడి విని, కష్టమైన పాటలు కూడా తప్పు లేకుండా పాడేసేవాడు. పుస్తకాల పిచ్చి కూడా ఉండేది, సంగీతం పక్కకు పోతుందని ఇంట్లోవాళ్లు పుస్తకాలు దాచేసేవారు. 1848లో పదో ఏడు నిండక ముందే పారిస్ కన్సర్వేటరీలో (సంగీత కళాశాల) చేర్చుకున్నారు.

ఇక పదిహేడేళ్లకు ఏం చేశాడంటే, 1855 అక్టోబర్‌లో పుట్టినరోజు అయిన నాలుగు రోజులకు ఒక సింఫనీ (పెద్ద వాద్యబృందం వాయించే, కొన్ని భాగాలుగా ఉండే రచన) మొదలుపెట్టి, దాదాపు నెలలో ముగించాడు. తర్వాత దాన్ని ఎవరికీ వినిపించలేదు! బతికున్నన్నాళ్లూ అది ఒక్కసారి కూడా వాయించబడలేదు. తను ఎంతో గౌరవించే స్వరకర్త గూనో సింఫనీ ఛాయలు అందులో కనిపిస్తాయి కాబట్టి, కాపీ అంటారని భయపడ్డాడేమోనని చాలామంది అంటారు. ఆ కాగితాలు చేతులు మారి చివరికి కన్సర్వేటరీ లైబ్రరీకి చేరాయి, 1933లో బయటపడ్డాయి. 1935 ఫిబ్రవరి 26న స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో మొదటిసారి వాయించారు, రాసిన దాదాపు 80 ఏళ్లకు. అందులో రెండో భాగంలో ఓబో పాడే రాగం ఒకటుంది (ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం), అది వినండి. గూనో ఛాయ ఉంటే ఉండనీ, ఆ రాగం మాత్రం ఆ పిల్లాడిదే.

మీ వాడు చిరాకుపడుతున్నాడంటే వినిపించమని అడగడం మానేయండి, కానీ కట్టినవన్నీ తారీఖు వేసి భద్రంగా ఉంచుకోమనండి.

ప్రశ్న: బిజేని వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మా అమ్మమ్మకు కూడా వినిపించాలని ఉంది. కర్ణాటక సంగీతం బాగా తెలుసు ఆవిడకు. (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: మీరు ముందు "ఆర్లేజియెన్" సూట్ (వరసగా వాయించే వాద్య ముక్కల గుచ్ఛం) వినండి. 1872లో ఒక నాటకానికి ఇరవై ఆరు మంది వాద్యగాళ్లకు సరిపడా రాసిన సంగీతం, నాటకం ఆడలేదు, అందులోంచి ఏరి కూర్చిన సూట్ మాత్రం మరుసటి నెలలోనే జనానికి నచ్చేసింది.

అమ్మమ్మగారికి మాత్రం నేరుగా కార్మెన్‌లోని హబనేరా అనే పాట పెట్టండి. హార్మోనియం ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. ఆ పాట పల్లవి పై షడ్జం నుంచి కిందికి తెల్ల మెట్టు, నల్ల మెట్టు ఏదీ వదలకుండా ఒక్కొక్కటే జారుతూ దిగుతుంది, కింద తంత్రీవాద్యాలు మాత్రం అదే చిన్న ముక్కను అదే నడకతో పాట పొడవునా వేస్తూనే ఉంటాయి. పైన జారుడు, కింద పట్టు. ఆవిడ చెవికి అది వెంటనే అందుతుంది. ఈ పాట కోసం బిజే ఎన్నోసార్లు తిరగరాశాడు. ఇంకో సంగతి, దాని వరస స్పెయిన్ జానపదం అనుకుని తీసుకున్నాడు, తీరా అది ఇరాదియేర్ అనే స్వరకర్త కట్టిన పాటని తెలిసి, ముద్రించిన పుస్తకంలో ఆ మాట ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఒకరోజు తీరిక చూసుకుని చివరి సన్నివేశం ఇద్దరూ కలిసి చూడండి, మాటలు కింద రాసి ఉన్న వీడియో అయితే మేలు. స్పెయిన్‌లోని సెవీల్‌లో ఎద్దుల పోటీ జరిగే మైదానం బయట కార్మెన్, హోసే ఇద్దరే ఉంటారు. వాడు బతిమాలుతుంటాడు, ఆమె రానంటుంది. లోపల జనం ఆమె ఇప్పుడు మనసిచ్చిన పోటీ వీరుడికి జేజేలు కొడుతుంటారు, ఆ జేజేలు వినపడిన ప్రతిసారీ ఆమె అటు అడుగు వేస్తుంది, వాడు అడ్డం నిలబడతాడు. వాడిచ్చిన ఉంగరం తీసి విసిరేస్తుంది. కత్తి దిగే క్షణానికి లోపలి నుంచి అదే విజయగీతం హోరుగా వస్తుంది, బయట ఏం జరిగిందో లోపలివాళ్లెవరికీ తెలియదు. ఆ చోట వాల్యూమ్ తగ్గించకండి.