పాఠకుల ప్రశ్నలు: గ్రీకు దీవుల పెళ్లిళ్లు

ప్రశ్న: మా దిక్కు లగ్గంలో పిల్లకూ పిల్లగానికీ బాసింగాలు కడతాం, తలంబ్రాలు పోయిస్తాం. గ్రీకు దీవుల్లోనూ పెళ్లికి కిరీటాలు పెట్టి బియ్యం చల్లుతారట. ఇది మన దగ్గరి నుంచే పోయిందా? అక్కడ కట్నాలు ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మన దగ్గరి నుంచి పోయిందనడానికి ఆధారం లేదు. వధూవరుల తలకు పూలదండలు చుట్టే ఆచారం గ్రీకుల్లో క్రైస్తవానికి ముందే ఉంది. ఆర్థడాక్స్ చర్చి దానిని తన పెళ్లితంతులోకి తీసుకుంది. ఆ కిరీటాలను స్తెఫానా అంటారు. తెల్లని చిన్న పూలతో అల్లిన సన్నని వలయాలు రెండింటిని ఒకే రిబ్బను కలుపుతుంది. కుంబారోస్ అనే పెళ్లిపెద్ద జంట వెనుక నిలబడి, వధువు తలమీది కిరీటాన్ని వరుడికి, వరుడిది వధువుకు మూడుసార్లు మారుస్తాడు. ఇద్దరూ ఒకే పాత్రలోని ద్రాక్షాసవం తాగిన తరువాత, పూజారి వారిని వెంటబెట్టుకొని బల్ల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయిస్తాడు. బంధువులు బియ్యం చల్లేది అప్పుడే. మన పెళ్లిలో తలంబ్రాలు వధూవరులే ఒకరి తలపై ఒకరు పోసుకుంటారు కాబట్టి, రెండుచోట్లా బియ్యమే అయినా తంతు ఒకటి కాదు. ధాన్యమే బతుకుతెరువైన ప్రతిచోటా కొత్త జంటను గింజలతో దీవించాలన్న ఆలోచన పుట్టడం సహజమని నా అభిప్రాయం.

ఇక కట్నం సంగతి. గ్రీసులో దీనిని ప్రికా అనేవారు. 1983లో చట్టం దానిని రద్దు చేసింది. మన వరకట్న నిషేధ చట్టం 1961 నాటిదైనా మన ఊళ్లలో కట్నాలు ఆగలేదు కనుక, చట్టంతోనే అంతా మారిపోతుందని నేను అనను. గ్రీసు పక్కనున్న ఈజియన్ సముద్రపు దీవుల్లో చాలాచోట్ల కట్నమంటే ఇల్లే: తల్లిదండ్రులు బిడ్డకు ఇల్లు ఇస్తే, అల్లుడు అక్కడికి వచ్చి కాపురం పెట్టేవాడు. కార్పథోస్ దీవిలో తల్లి ఆస్తి పెద్దకూతురికి, తండ్రి ఆస్తి పెద్దకొడుకుకు పోయేది. ఆ దీవి ఉత్తరాన ఉన్న ఒలింబోస్ గ్రామంలో పెద్దకూతురు పండుగనాడు మెడనిండా బంగారు నాణేల హారం వేసుకొని కనిపిస్తుంది. ఆడబిడ్డకు ఇల్లు దక్కడం మనం మెచ్చుకోదగ్గదే. అయితే ఆ ఏర్పాటులో చెల్లెళ్లకు మిగిలేది తక్కువ, పెళ్లి లేకుండా అక్క ఇంట్లోనే చాకిరీ చేస్తూ ఉండిపోయినవారూ ఉన్నారు. ఆ బాధను పక్కన పెట్టి ఆచారాన్ని పొగడటం న్యాయం కాదు.

ప్రశ్న: పెళ్లికి వచ్చినవారికి వారు ఏమిచ్చి పంపుతారు?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: చక్కెర పూత పూసిన బాదం గింజలు. కుఫేటా అనే వీటిని ఐదో ఏడో, బేసి సంఖ్యలోనే మూటగట్టి ఇస్తారు. సరిగా రెండు భాగాలు చేయడానికి వీలుపడని సంఖ్య కాబట్టి జంట కూడా విడిపోదని నమ్మకం. పెళ్లికి ముందు స్నేహితురాళ్లు కొత్త జంట పడకను అమర్చి, దానిమీద డబ్బు, బియ్యం, ఈ బాదం గింజలు చల్లి, ఒక పసిబిడ్డను దొర్లిస్తారు.

ప్రశ్న: మా ఊళ్లో పెళ్లిపాటలు పాడే ముసలమ్మలు తగ్గిపోయారు, ఎక్కడ చూసినా డీజేలే. అక్కడ పాట మిగిలిందా?
– ఒక విద్యార్థిని, అచ్చంపేట

జవాబు: క్రీటు, కార్పథోస్ దీవుల్లో మిగిలింది, అదీ అప్పటికప్పుడు కట్టే పాటగా. మాంతినాదా అంటే అంత్యప్రాస ఉన్న రెండు పాదాల పద్యం. పాదానికి పదిహేను అక్షరాలు. మోకాలిమీద నిలబెట్టి కమానుతో వాయించే మూడు తంతుల లీరా, దానికి తోడు ‘లావుతో’ అనే మరో తంతివాద్యం మోగుతుండగా, ఒకరు వధువును దీవిస్తూ రెండు పాదాలు అందుకుంటారు. బల్ల అవతలివారు అదే రాగంలో బదులు కడతారు. కార్పథోస్‌లో ఇది తెల్లవార్లూ సాగుతుంది. వలసపోయినవారినో, చనిపోయిన తండ్రినో తలచుకున్న పాదం వచ్చిందంటే పెద్ద మగవాళ్లు సైతం నలుగురి ముందే కన్నీళ్లు పెట్టుకుంటారు, దానిని ఎవరూ తప్పుగా చూడరు. అక్కడ పాటను నిలిపింది వాయిద్యగాళ్లు మాత్రమే కాదు. వచ్చిన చుట్టం కూడా ఒక పాదమైనా కట్టాలన్న పట్టింపు దానిని కాపాడింది. మన ఎదురుకోళ్లలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలకూ, అప్పగింతల పాటలకూ ఈ బదులు చెప్పే గుణం ఉంది. మీ ఊళ్లో పాడగలిగిన అమ్మలు ఒకరిద్దరు ఉన్నా, వారి పాటలను ఫోన్‌లో రికార్డు చేసి, ఏ పాట ఏ తంతులో పాడతారో, ఎవరు ఎవరికి బదులిస్తారో పక్కనే రాసి పెట్టండి.